కాళ్ళకు కట్టిన గుడ్డ

మాడుగులపల్లిలో ఉన్న అన్న మల్లయ్యకు, సూర్యాపేట దవాఖానలో ఆయాగా పనిచేస్తున్న చెల్లెలు లచ్చమ్మ దండం పెట్టి రాసే జాబు. వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. గొర్లు ఈనాయా? నేనూ బాగానే ఉన్నానని రాయాలి గాని, చెయ్యి రావడం లేదన్నా.

తుంటి విరిగిన పెదనాయనను నువ్వు బండిలో తెచ్చి నాకు అప్పజెప్పి పోయి పది రోజులైంది. "నువ్వున్నవ్ గదా, నాకేం రంది" అన్నావు. ఆ మాటే నన్ను తినేస్తోంది. వారం రోజులుగా ఆయన కంటిమీద కునుకు లేదు. మందను తోలాలంటూ మంచం దిగబోతాడు. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంటాడు. అమ్మా నాయనా పోయాక మనల్ని సాకిన మనిషి! డాక్టరుగారు నిద్రమందు ఇస్తే తికమక ఇంకా ఎక్కువైంది. మళ్ళీ పడితే ఇక లేవడని భయపడి, ఎవరినీ అడగకుండా ఆయన రెండు కాళ్ళూ కలిపి గుడ్డతో కట్టాను. చీకట్లో బెదరకూడదని తల దగ్గర దీపం పెట్టాను.

ఆ తెల్లారి నుంచి రెండు రోజులు నోరు తెరవలేదన్నా. మెతుకు లేదు, నీళ్ళు లేవు. నిన్న పొద్దున గంజి పట్టుకుని బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. అప్పుడన్నాడు:

"సచ్చినోడికి గంజెందుకు బిడ్డా? కాళ్ళు కట్టిన్రు. తలకాడ దీపం పెట్టిన్రు. ఇగ ఎత్తుకపోతలేరేంది?"

కాళ్ళు ఎవరికి కడతారో, తల దగ్గర దీపం ఎవరికి పెడతారో నాకు తెలియదా? అమ్మకు చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను కదా. గుడ్డ విప్పి పారేశాను. దీపం తీసేశాను. ఆ కాళ్ళు పట్టుకుని అన్నాను:

"నువ్వు సావలే పెదనాయనా. నీకు కొరివి పెట్టేది మల్లన్న. అన్న రాకుండ నువ్వెట్ల పోతవ్?"

"గదీ నిజమే. మల్లిగాడు రాలే" అని నాలుగు గుక్కల గంజి తాగాడు.

సంగతి చెబితే డాక్టరుగారు నన్ను బాగా కోప్పడ్డారు. కట్టడం వద్దన్నారు, నిద్రమందూ ఆపేశారు. పగలంతా కిటికీ వెలుతురులో ఉంచి, తెలిసిన మనిషి పక్కన కూర్చుని, ఇది ఏ ఊరో, తామెవరో ఆయనకు చెబుతూ ఉండాలన్నారు. చెబుతూనే ఉన్నాను. కాని వార్డంతా నా మీదే ఉంది, ఎంతసేపని కూర్చోను?

నువ్వు రావాలి. నీ గొంతు వింటే తేరుకుంటాడు. కాని కొరివి పెట్టేవాడు వచ్చేశాడని మళ్ళీ నోరు మూసుకుంటే? ఆ మాట ఆయన చెవిలో వేసింది నేనే. నాకు దిక్కు తోచడం లేదు. గుమ్మంలో ఏడుపు ముఖంతో నిలబడకన్నా. ఆయన గొంగడి భుజాన వేసుకుని రా. "మంద పరాయి చేన్ల వడ్డది, నువ్వీడ పండుకున్నవా?" అని ఎప్పట్లాగే కేకలెయ్యి. ఆయన తిరిగి తిడితే చాలు, నేను బతుకుతాను.

వదినకు, వాడలోని పెద్దలకు నా దండాలు. దీవించకపోయినా సరే, నన్ను క్షమించు.

ఇట్లు,
నీ చెల్లెలు లచ్చమ్మ

ఇది మడిచేలోపే మళ్ళీ అడిగాడు, "మల్లిగాడు వచ్చిండా?" అని. "ఇంకా రాలే" అన్నాను. గంజికి నోరు తెరిచాడు.