చోక్ తీస్తే ఆగిపోతోంది

మార్చి 3, సోమవారం

మళ్ళీ లేటు. ఇరవై రెండు నిమిషాలు. ఆరింటి బస్సు ఎత్తేసి నెల కావస్తోంది. నేనింకా దాన్ని తిట్టుకుంటూనే నడుస్తున్నాను. ల్యాబ్ ముందు పరగడుపున రక్తపరీక్షకి వచ్చిన పేషెంట్లు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఇన్‌చార్జి మేడమ్ మాత్రం, ఇంకొక్కసారి ఇలా జరిగితే మెమో ఇస్తాను, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు అంది.

ఇంటికొచ్చాక వరండాలో కవరు కప్పి ఉన్న మా ఆయన బండిని చూస్తూ కాసేపు నిలబడ్డాను. పంతొమ్మిది నెలలుగా అక్కడే ఉంది. ఆయన చేతిసంచీతో బస్సెక్కి పోయాడు, బండి తర్వాత తీసుకెళ్తానన్నాడు. వెళ్ళినచోట ఇంకో ఇల్లు, ఇంకో మనిషి ఉన్నారని తర్వాత తెలిసింది. ఇంకా ‘ఆయన’ అనే రాస్తున్నాను. అలవాటు చావదు.

మార్చి 4

బండి బాగుచేసుకుని నేను వాడుకుంటానని అత్తయ్యని అడిగాను. పెళ్ళికి ముందు మా అన్నయ్య బండి నడిపిన చెయ్యే నాది. ఆవిడ కుట్టుమిషను ఆపకుండానే వద్దంది. వాడి వస్తువు, రేపు వాడొచ్చి అడిగితే నేనేం చెప్పాలి అంది. బండి కోసమైనా రాకపోడు అని దారం తెంపింది.

కొడుకు ఇల్లొదిలి వెళ్ళిపోయినా ఆవిడ నా దగ్గరే ఉండిపోయింది. నేను పొమ్మనలేదు, ఆవిడ పోతాననలేదు. దీని గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఈరోజు వాదించే ఓపిక కూడా లేదు. పడుకున్నాను.

మార్చి 7, శుక్రవారం

మళ్ళీ లేటు, మెమో వచ్చింది. టేబుల్ మీద పడేసి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి కాగితం మడతపెట్టి ఉంది, దాని మీద బండి తాళం. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుంటోంది. నడుపుకో గానీ పాడు చెయ్యకు అంది, నా వైపు చూడకుండా.

మార్చి 9, ఆదివారం

కవరు తీశాను. ట్యాంకు మూత తెరిస్తే పెట్రోలు వాసన కాదు, పాత వార్నిష్ వాసన. అదంతా డబ్బాలోకి తీసేసి కొత్తది పోశాను. నలభై కిక్కులు కొట్టాను. లెక్కపెట్టింది నేను కాదు, గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య. కనీసం దగ్గనైనా దగ్గలేదు బండి. నా మోకాలు వాచింది.

వీధి చివరి మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. అన్ని నెలలు నిలబెట్టేస్తే కార్బురేటర్‌లో పెట్రోలు ఎండి జిగురైపోయుంటుంది మేడమ్, కొత్తది వేసుకోండి అన్నాడు. తెప్పించడానికి పదిహేను రోజులట. అప్పటికి నా ఉద్యోగం ఉండదన్నాను. అతను తల గోక్కుని, సరే, విప్పడం చెప్తాను, మీరే విప్పుకోండి, అదేం బ్రహ్మవిద్య కాదు అన్నాడు. స్క్రూడ్రైవర్ ఇచ్చి, తిరిగి ఇవ్వాలని రెండుసార్లు చెప్పాడు.

మార్చి 11

డ్యూటీ నుంచి వచ్చి కార్బురేటర్ విప్పాను. గుప్పెడంత ఉంది. అడుగు గిన్నెకి నాలుగు స్క్రూలు. మూడు బుద్ధిగా వచ్చాయి. నాలుగోది నా ప్రాణం తీసింది. గిన్నె నిండా గోధుమరంగు జిగురు, అంచుల వెంట పచ్చటి చిలుము.

అత్తయ్య వచ్చి నేల మీద తెల్లగుడ్డ పరిచింది. ఏ ముక్క ఎక్కడిదో మర్చిపోతావు, విప్పిన వరసలోనే పెట్టు అంది. జాకెట్టు విప్పదీసినా అంతేనట, వరస తప్పితే మెడకి చెయ్యి కుడతామట. నవ్వుదామనుకున్నాను. ఆవలింత వచ్చింది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి అన్నీ కడిగి, మళ్ళీ బిగించాను.

మార్చి 12

ట్యాంకు కింది ట్యాప్ తిప్పగానే వరండా అంతా పెట్రోలు. ఇవాళ ఇంకేమీ రాయను.

మార్చి 14

అలా ఎందుకు కారుతుందో మెకానిక్ చెప్పాడు. గిన్నె నిండగానే లోపలి ఫ్లోట్ పైకి తేలాలి, దాని సూది పెట్రోలు దారిని మూసేయాలి. ఆ సూది సరిగ్గా మూయడం లేదు. నేను చూస్తే బాగానే ఉంది. అత్తయ్య తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి గోటితో తడిమింది. మొన చుట్టూ గీత పడిపోయింది, అరిగింది అంది. యాభై ఏళ్ళు సూదులతో బతికిన మనిషి. ఇదీ సూదేగా అంది.

కొత్త సూది మెకానిక్ దగ్గరే దొరికింది. కారడం ఆగింది.

ఈరోజు కూడా లేటే. మేడమ్ టైము రాసుకుని వెళ్ళిపోయింది. అదే భయంగా ఉంది.

మార్చి 16, ఆదివారం

స్టార్ట్ అయింది. చల్లటి ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ లాగి కొడితే మూడో కిక్కుకే. చోక్ తీస్తే ఆగిపోయింది. మళ్ళీ లాగాను, మళ్ళీ తీశాను. పదకొండుసార్లు. ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. వరండా మెట్టు మీదే ఒరిగిపోయాను. లేచేసరికి ఒంటి మీద దుప్పటి ఉంది.

మార్చి 18

మూసుకుపోయింది పైలట్ జెట్ అట, సన్న కన్నం ఉన్న చిన్న ఇత్తడి ముక్క. ఇంజన్ నెమ్మదిగా ఆడేటప్పుడు పెట్రోలు దాన్లోంచే రావాలట. నేను కడిగాననుకున్నాను. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కన్నంలోంచి ఏమీ కనపడలేదు. ఉక్కు సూది పెడితే కన్నం పెద్దదైపోతుందని మెకానిక్ బెదిరించాడు. అందుకని వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి, మెల్లగా గుచ్చి, సిరంజితో క్లీనర్ ఎక్కించాను. ఆ పని మాత్రం నాకు చేతనవును. రోజంతా దొరకని నరాలు వెతకడమేగా నా బతుకు. నాలుగోసారికి వెంట్రుకంత ధార వచ్చింది.

బిగించి కిక్ కొట్టాను. చోక్ తీశాను. ఆగలేదు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, అయినా ఆగలేదు.

అత్తయ్యకి చెబుదామని లోపలికి వెళ్ళాను. టేబుల్ మీద మూడు కంచాలు పెట్టి ఉన్నాయి. ఆవిడ మూడోదాని ముందు నిలబడి ఉంది. వాడి బండి చప్పుడు వినగానే చెయ్యి తనంతట తనే తీసి పెట్టేసింది అంది. కంచం పట్టుకెళ్ళి కడిగింది. ఎవరూ తినని కంచాన్ని చాలాసేపు కడిగింది.

నేను బయటికి వెళ్ళి ఇంజన్ ఆపేశాను.

మార్చి 20

పది నిమిషాలు ముందే చేరాను. ల్యాబ్ తాళం నేనే తీశాను. మేడమ్ గడియారం చూసి, నన్ను చూసి, మళ్ళీ గడియారం చూసింది.

మార్చి 23, ఆదివారం, ఉదయం పదకొండు

వరండాలో బండి స్టార్ట్ చేసి, మెకానిక్ చెప్పినట్టు గాలి పాళ్ళు సరిచేసే ఎయిర్ స్క్రూ తిప్పుతున్నాను. అత్తయ్య ఫోను మోగింది. ఆయన. ఐదు నెలల తర్వాత. ఎదురింటావిడ చెప్పిందట, నీ బండి మీద నీ పెళ్ళాం తిరుగుతోందని. మనిషిని పంపిస్తాను, బండి ఇచ్చి పంపించు అంటున్నాడు. ఎంత గట్టిగా అరుస్తున్నాడంటే, ఇంజన్ చప్పుడులో కూడా ఫోనులోంచి నాకు వినపడుతూనే ఉంది. నేను ఇంజన్ ఆపబోయాను. అత్తయ్య వద్దని చెయ్యి ఊపి, ఫోను చెవికి నొక్కిపట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

వెళ్ళి తలుపుకి చెవి ఆనించాను, ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. ఎక్కడ నడుస్తోందిరా, ఒకట్రెండు రోజులు నడిచి మూలపడింది, కార్బురేటర్ పూర్తిగా పోయిందట, మనిషిని పంపితే వాడు తోసుకుంటూ పోవాల్సిందే అంది. తర్వాత ఊఁ అంది. మళ్ళీ ఊఁ అంది. ఫోను పెట్టేసింది.

బయటికి వచ్చి, అప్పటికే మెట్టు మీదకి చేరిన నా పక్కన కూర్చుంది. ఆవిడ నోట అబద్ధం వినడం ఈ పన్నెండేళ్ళలో ఇదే మొదలు. ఎందుకలా చెప్పారు అత్తయ్యా అని అడిగాను. చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ, ఎలా ఉన్నావమ్మా అని వాడు నన్ను ఒక్క మాట అడిగుంటే నిజమే చెప్పేదాన్ని అంది.

కాసేపటికి, ఎదురింటిదానికి ఇక జాకెట్లు కుట్టను అని కూడా అంది.

మార్చి 30, ఆదివారం

బండి కోసం ఎవరూ రాలేదు.

పొద్దున్నే బండి చప్పుడుకి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూశాను. స్టాండు వేసి ఉన్న బండి మీద అత్తయ్య రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని కూర్చుని ఉంది. ఎక్కడికీ పోవడం లేదు. రేస్ ఇస్తోంది, తగ్గిస్తోంది, మళ్ళీ ఇస్తోంది.

నేను వెళ్ళి మళ్ళీ పడుకున్నాను.