సింహాచలం మాట

బుధవారం రాత్రి

ఒకప్పుడు పేకాటలో పక్కవాడి ముక్క దొంగచాటుగా చూశానని సింహాచలం అందరి ముందూ నన్ను ఆట నుంచి లేపేశాడు. ఎన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. నేను చూడలేదు. అయినా లేచిపోయాను, అన్నది సింహాచలం కనుక. మా సేక్కాన్ రేవులో పోకర్ అంటే అతనే. ఓడినవాడు కూడా అతని మాట కాదనేవాడు కాదు.

ఇవాళ టీ కొట్టులో మా అబ్బాయి రాముడు ఫోన్‌లో ఒక పోకర్ సైటు ప్రకటన చూపించాడు. అందులో సింహాచలం, ఇంకో ఇద్దరు పేరున్న ఆటగాళ్లు నవ్వుతూ, "నమ్మకమైన సైటు, రండి ఆడండి" అంటున్నారు. తన్లిన్‌లో ఉండే మన అప్పారావుకు గెలిచిన డబ్బు ఇవ్వకుండా అతని ఖాతా మూసేసిన సైటే అది!

"ఒరే, అది దొంగ సైటురా!" అన్నాను.

"సింహాచలం బాబాయే సెప్పినాడు కదా నానా, ఇంక బయమేటి? ఆయనంటే నీకు కుళ్లు."

సోమవారం పడవ ఇంజను అమ్మి ఆ డబ్బు అందులో పెడతాడట. ఇంజను లేకపోతే నది అవతలి దలాకు మనుషుల్ని దేంతో దాటిస్తాడు?

తప్పు చేయకపోయినా అతని మాటకు నేను లేచిపోయాను. ఇప్పుడు నా కొడుకు అదే మాటకు మునిగిపోవాలా?

సింహాచలం, తెలిసి చెప్పావా, తెలియక చెప్పావా? నా సంగతి పోనీ. ఆదివారం చీకటి పడేలోగా మా గుమ్మంలోకి వచ్చి రాముడికి జవాబు చెప్పు.