వెనక్కి జరిపిన తేదీ

బాపట్లలో ఉన్న మా శోభక్కకి,

డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టిస్తారని చెప్పావుగా. సాయంత్రం దాకా చూడవు, అందుకే ఇంత పొడుగు మెసేజ్ రాస్తున్నా. ఇప్పుడే చూస్తే ఫోన్ చేస్తావు. చేస్తే నాకు మాట రాదు.

రేపల్లెలో ఉన్నానక్కా, వసుంధరమ్మగారి మిల్లులో. కొత్త ధాన్యం మొదలయింది కదా, ఇక్కడుండి కంప్యూటర్ చూసుకోమని ప్రేమ్ అన్న నన్ను నిన్న తెనాలి నుంచి పంపాడు. అన్న కంప్యూటర్ షాపులో చేరాక ఒక్కణ్ణే పంపడం ఇదే మొదలు. నిన్న రైల్లో ఎంత సంతోషంగా వచ్చానో.

ఇక్కడ కాటా మీదకి ట్రాక్టర్ లోడుతో ఎక్కితే, ఆ బరువు గదిలో ఉన్న లినక్స్ సర్వర్‌కి వస్తుంది. అందులో కాటా సర్వీసు అనే ప్రోగ్రాము నడుస్తుంటేనే చీటీ పడుతుంది. పొద్దున ఒకే ఒక్క చీటీ పడింది. వెంటనే కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూడా కూర్చుంది. కరెంటొచ్చాక సర్వర్ లేచింది గానీ ఆ సర్వీసు మాత్రం లేవట్లేదు. స్టార్ట్ కొడితే ఎర్రగా ఫెయిల్డ్ అంటుంది. నాకు ఇంగ్లీషు చదవడం సరిగ్గా రాదు గానీ ఆ ముక్క బాగా తెలుసు.

బయట ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీద దాకా ఉన్నాయి. సముద్రం వైపు నల్లగా మబ్బు పట్టింది. కాటా పక్కనే ముందున్న ట్రాక్టర్ యలమంద బాబాయ్‌ది. కౌలుకి చేస్తాడంట. ధాన్యం మీద కప్పిన పట్టా అంతా చిరుగులే, ఒక మూల కప్పితే ఇంకో మూల బయటికొస్తుంది. కిటికీలోంచి తల పెట్టి, "ఏరా అబ్బాయ్, మీ పెట్టెకి జొరమొచ్చిందా?" అన్నాడు. నేను నవ్వాను. ఏం చెప్పాలో తెలీక నవ్వానంతే.

"చేత్తో రాసిచ్చెయ్యకూడదా తల్లీ?" అని వసుంధరమ్మగారిని అడిగాడు.

"పోయినేడు చేత్తో రాస్తే బస్తా తగ్గిందని నా మీదకొచ్చింది ఎవరయ్యా? మెషీన్ చీటీ లేందే బండి లోపలికి తిప్పేది లేదన్నది మీరు కాదూ?"

"అప్పుడు వాన లేదు కదమ్మా!"

అందరూ నవ్వారు. ఆవిడ కూడా. నాకే నవ్వు రాలేదు.

ప్రేమ్ అన్నకి ఫోన్ చేస్తే బండేసుకొచ్చాడు. వైర్లు చూశాడు, డిస్కు నిండిందేమో చూశాడు, సర్వీసు పదిసార్లు లేపాడు. పడిపోతుంది. "ఎందుకు పడుతున్నావో చెప్పి పడవే తల్లీ" అని దాన్నే బతిమాలుతున్నాడు. నా వైపు తిరిగి, "నువ్వేమన్నా ముట్టుకున్నావా?" అన్నాడు. లేదని తల ఊపాను.

సాయంత్రం చూడు.

నీ తమ్ముడు,
వినయ్

-

అక్కా,

మళ్ళీ నేనే. ఇందాకటి మెసేజ్‌లో ఒకటి రాయలేదు. ముట్టుకున్నాను.

వసుంధరమ్మగారికి పంతులుగారు గురువారం మంచిదన్నారంట. తొలి చీటీ నిన్నే పడాలి. కోత మిషను బురదలో దిగబడి లోళ్ళు ఇవాళ వచ్చాయి. ఇవాళ అమావాస్య. పొద్దున ఆవిడ నాకు ఇడ్లీ పెట్టి పక్కన కూర్చుని, "నాయనా, అందులో తేదీ ఒక్కరోజు వెనక్కి జరపడం అవుతుందా? ఒక్క చీటీకే. ఆయన పోయాక నా చేతి మీద మొదలెడుతున్న మొదటి ఏడు" అంది. అలా అడిగితే కాదని ఎలా అంటానక్కా? ఎవరికైనా కాదని చెప్పడం నాకు ఎప్పుడొచ్చు గనక?

జరిపాను. చీటీ గురువారం తేదీతో పడింది. ఆవిడ కళ్ళకద్దుకుంది. మళ్ళీ ముందుకి జరిపేలోపు కరెంటు పోయింది. మన ఫోన్ ఆపి ఆన్ చేస్తే టైమ్ దానంతట అదే సరవుతుందిగా, ఇదీ అంతే అనుకున్నా. ఇక్కడ ఈ సర్వర్‌కి నెట్ లేదు. దానికి సరిచేసే వాళ్ళెవరూ లేరు.

ఇప్పుడు అర్థమైంది. ఈ ప్రోగ్రాము లేచేటప్పుడు, తను ఆఖరిసారి ఎప్పుడు పనిచేసిందో చూసుకుంటుందని మొన్న ప్రేమ్ అన్నే చెప్పాడు. పాత తేదీతో దొంగ చీటీలు కొట్టకుండా అలా పెట్టారంట. నడుస్తుండగా మారిస్తే ఊరుకుంటుంది, ఆగి లేస్తే ఊరుకోదు. ఇవాళ పనిచేసినట్టు దానికి గుర్తుంది, తేదీ చూస్తే నిన్నటిది. ఎలా లేస్తుంది? అన్నకి తట్టలేదు. ఒక్కరోజు తేడా ఎవరి కంటికి ఆనుతుంది?

చెప్పేస్తే అయిపోతుంది అంటావు. లేచి నిలబడ్డానక్కా. అన్న పక్కన వసుంధరమ్మగారు, తలుపు దగ్గర రైతులు. అందరూ నన్నే చూశారు. తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు పాఠం బయటికి చదవమన్నప్పుడు కూడా ఇలాగే అయింది. మొదటి మాట దగ్గరే నత్తి వచ్చి ఆగిపోయాను, క్లాసంతా నవ్వింది. బడి ఎందుకు మానేశావని నువ్వు ఎన్నిసార్లు అడిగావు. ఒంట్లో బాగోలేదని, సార్ కొట్టాడని ఏదో ఒకటి చెప్పాను. ఇదే కారణం. మర్నాటి నుంచి వెళ్ళలేదు.

చెబితే ఆవిడ పరువు పోతుంది, చెప్పకపోతే వీళ్ళ ధాన్యం పోతుంది. అన్న మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తానంటున్నాడు. రాత్రయిపోద్దంట. అందాకా వాన ఆగుతుందా?

నేను వెళ్ళిపోతున్నా. నా ఫ్రెండ్ ఎజ్రా వాళ్ళ మావయ్యకి నిజాంపట్నం దగ్గర రొయ్యల చెరువులున్నాయి, కాపలాకి మనిషి కావాలంట. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. బస్టాండ్‌లో ఉన్నా. బస్సు పెట్టారు. అమ్మకి నువ్వే ఎలాగోలా చెప్పు.

తిట్టుకోకు.

వినయ్

-

అక్కా,

నువ్వు చేసిన ఫోన్లన్నీ చూశాను. తిట్లు పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. ముందు ఇది చదువు. తెనాలి వచ్చేశాను, షాపులో ఉన్నా.

బస్సు ఎక్కి కూర్చున్నా. కిటికీ మీద ఒక చినుకు పడింది. ఒకటే. ఆ పట్టా గుర్తొచ్చింది. దిగి మిల్లు దాకా పరిగెత్తాను.

గదిలోకి వెళ్తే మళ్ళీ అదే. అన్న సీడీ పెడుతున్నాడు, నాకు నోరు పెగలట్లేదు. అందుకని అన్నకి ఎదురుగా నిలబడి అన్న ఫోన్‌కే మెసేజ్ పెట్టాను. "అన్నా తుడవద్దు. తేదీ నేనే నిన్నటికి జరిపాను" అని. ఆవిడ పేరు రాయలేదు.

అన్న ఫోన్ చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫోన్ చూశాడు. "ఎదురుగా ఉండి మెసేజేంట్రా? నీ నోరేమైంది?" అని అరిచాడు. "తేదీ ఎవడు జరపమన్నాడ్రా నిన్ను?"

వసుంధరమ్మగారు కుర్చీలోంచి లేచింది. "వాడి మీద అరవకు ప్రేమూ. జరపమంది నేను. అమావాస్య అని భయపడ్డాను. దానివల్లే ఇది ఆగిందని నాకేం తెలుసు? తెలిస్తే పొద్దున్నే చెప్పేదాన్ని."

తలుపు దగ్గర ఎవరూ నవ్వలేదక్కా. యలమంద బాబాయ్ మాత్రం, "అమావాస్య సంగతి తర్వాత చూసుకుందాం గానీ ముందు దాన్ని శుక్రవారంలోకి తీసుకురండయ్యా" అన్నాడు.

అన్న లేచి నన్ను కూర్చోమన్నాడు. నేనే జరిపాను. స్టార్ట్ కొట్టాను. ఎర్రగా ఏమీ పడలేదు, పచ్చ చుక్క వచ్చింది. బాబాయ్ చీటీ పడింది.

అంతా బాగైపోయిందని రాయాలని ఉంది గానీ అబద్ధమవుతుంది. బాబాయ్ లోడూ, వెనక రెండూ షెడ్డులోకి వెళ్ళాయి. తర్వాత వాన దంచేసింది. రోడ్డు మీదున్నవి తడిశాయి. ఒకాయన లోడు మీదెక్కి పట్టా మీది నీళ్ళు చేతుల్తో తోస్తున్నాడు. నేను బస్టాండ్‌కి వెళ్ళకుండా ఉంటే ఆయన బండి కూడా లోపలుండేది. నేనూ వెళ్ళి ఆయనతో పాటు తోశాను. ఆయనకి ఆ సంగతి చెప్పాను. నోటితోనే చెప్పానక్కా. సగం సగం మాటలే వచ్చాయి. ఆయన "ఆ మూల పట్టుకో" అన్నాడు. తడిసినవి కూడా అదే ధరకి తీసుకుని తనే ఆరబెట్టించుకుంటానని వసుంధరమ్మగారు అందరి ముందూ చెప్పింది.

బండి మీద వస్తుంటే అన్న వాన గురించీ తన బండి గురించీ ఏదేదో మాట్లాడాడు గానీ దీని గురించి ఎత్తలేదు. పనిలోంచి తీసేస్తాడనుకున్నా. షాపు దగ్గర బండి స్టాండేసి, "తేదీ జరిపినందుకు కాదురా, తెలిసి కూడా పూటంతా నన్ను వెతకనిచ్చినందుకు మండింది. రేపట్నించి షాపు ఫోన్ నీ దగ్గరే ఉంటుంది. మిల్లుల వాళ్ళు ఎవరు చేసినా నువ్వే మాట్లాడాలి" అన్నాడు.

"నత్తి వస్తే?" అన్నాను.

"వాళ్ళ సర్వర్ లేవకపోతే వాళ్ళే ఆగి వింటార్లే."

దానికంటే తీసేసినా బాగుండేదనిపించింది, నిజం. కానీ ఎజ్రాకి రానని చెప్పేశాను.

అమ్మకి ఇందాకటిది చెప్పేశావా? చెప్పకపోతే చెప్పకు. ఇంకా రాసేవాణ్ణి గానీ బల్ల మీద షాపు ఫోన్ మోగుతోంది. అన్న భోంచేస్తూ నన్నే చూస్తున్నాడు. నందివెలుగు మిల్లని పేరు పడుతోంది. ఎత్తుతున్నా.

నీ తమ్ముడు,
వినయ్ కుమార్