ఫిబ్రవరి ముప్పైన అయిదు మిల్లీమీటర్లు

జూన్ 2

డైవింగ్ సెంటర్ నిర్వాహకులకు,

నమస్కారం. గత డిసెంబరులో నా భార్య మీ దగ్గర నలుగురికి వారం రోజుల పాటు గదులు, డైవింగ్ బుక్ చేసింది. ఆమె ఫిబ్రవరి 11న చనిపోయింది. మిగతా ముగ్గురం వస్తాం. నేను, మా అమ్మాయి, మా అత్తగారు.

ఒక పొరపాటు సవరించాలి. బుకింగ్ ఆగస్టు రెండో వారానికి ఉంది. అది వర్షాకాలం. మీ దీవిలో ఆ వారం సగటు వర్షపాతం 212 మిల్లీమీటర్లు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా ఉద్యోగం వాన కొలవడం. మా క్వార్టర్సు వెనకే ఆఫీసు వర్షమాపకం ఉంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్ళి, ఎంత పడిందో చూసి, పుస్తకంలో రాస్తాను. అలాంటివాడి భార్య వానాకాలంలో సముద్రానికి ప్రయాణం పెట్టుకుందంటే నమ్మలేకపోతున్నాను. తారీఖు వేయడంలో తప్పు జరిగి ఉంటుంది.

జనవరికి మార్చగలరు.

ఇట్లు,
వర్షపాతం రికార్డు కీపరు

తా.క. మా అత్తగారికి 74 ఏళ్ళు. ఈత రాదు. సముద్రంలో దిగి తీరతానంటున్నారు. నేను చెప్పి చూశాను. మీరు కూడా చెప్పి చూడండి.


జూన్ 11

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఎవరో తెలియని మనిషిని అన్నయ్యగారు అంటోందేమిటి అనుకోకండి. వదినగారి ఉత్తరం చదివిన రోజే ఆవిడ నాకు వదిన అయిపోయారు. ఇక మీరు ఏమవుతారో మీరే చెప్పండి. మీ ఉత్తరం చదివాక నాకు చేతులాడలేదు. సిలిండర్లలో గాలి నింపే మోటారు ఆన్ చేసి, అక్కడే కూర్చుండిపోయాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి ఆపాడు. లేకపోతే మా షెడ్డు ఇప్పుడు పక్క దీవిలో ఉండేది.

తారీఖు తప్పు కాదండీ. "వాన ఖాయంగా పడే వారం ఏదో చెప్పండి, నాకు ఆ వారమే కావాలి" అని వదినగారే రాశారు. పదకొండేళ్ళుగా ఈ వ్యాపారం చేస్తున్నాను, అలా అడిగినవాళ్ళు లేరు. అందరూ "వాన పడదు కదండీ?" అంటారు. నేను "అబ్బే, పడదండీ" అంటాను. పడుతుంది.

ఎందుకు కావాలో కూడా రాశారు. కానీ "ఇది మా ఆయనకి చెప్పొద్దు, ఆయన నీళ్ళలోంచి పైకి వచ్చాక ఈ ఉత్తరం చేతికివ్వండి" అని కింద రెండు గీతలు గీసి మరీ రాశారు. అలాగేనని మాటిచ్చాను. ఇప్పుడు ఎలా తప్పమంటారు?

భయపడకండి. బయట సముద్రం ఎంత చిందులు వేసినా మా మడుగులోకి అలలు రావు, పగడపు దిబ్బ అడ్డం ఉంది. ఏరు ఏదీ కలవదు కాబట్టి నీళ్ళు తేటగా ఉంటాయి. వాన పడేటప్పుడు కింద ఎలా ఉంటుందో చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ సగంలో ఆగిపోతాను. ఎదుటివాళ్ళు నేను అబద్ధం చెబుతున్నానని అనుకుంటారు.

మీ చెల్లెలు,
డైవింగ్ సెంటర్

తా.క. మీ అత్తగారికి చెప్పి చూడమన్నారు. వారు మీకంటే ముందే నాకు ఉత్తరం రాశారు. రబ్బరు సూటు నలుపు కాకుండా వేరే రంగు ఉందా అని.


ప్రభుత్వ వర్షపాత నమోదు కార్యాలయం
(అధికారిక వ్యవహారాలకు మాత్రమే)

జూన్ 19

నిర్వాహకురాలికి,

మీ ఉత్తరం అందింది. కారణం చెప్పడం కుదరదన్న జవాబు తృప్తికరంగా లేదు.

మీ వద్ద వర్షమాపకం ఉందా? నేల నుంచి ఎంత ఎత్తున ఉంది? చెట్లు, గోడలు దానికి ఎంత దూరంలో ఉన్నాయి? రోజూ ఎవరు కొలుస్తారు? గత మూడేళ్ళ రిజిస్టరు పంపండి. అది చూశాకే నా నిర్ణయం ఉంటుంది. నీళ్ళలో దిగేవాళ్ళ ప్రాణాలకు బాధ్యత నాది.

ఇట్లు,
రికార్డు కీపరు

తా.క. ఆకుపచ్చది.


జూలై 1

గౌరవనీయులైన తనిఖీ అధికారి గారి సముఖానికి,

అయ్యా,

తమరు ఎవరో తెలియక అన్నయ్యగారు అని రాసినందుకు క్షమించాలి. ఆఫీసు ముద్ర చూడగానే మా ఆయన టీ కప్పు వదిలేశాడు. కప్పు పగిలింది. అది కూడా రికార్డులో రాసుకోవాలంటే రాసుకోండి.

తమరి బృందానికి అన్ని ఏర్పాట్లూ చేశాం. పడవకు రంగు వేయించాం. బృందంలో 74 ఏళ్ళ సీనియర్ అధికారిణి గారు ఉన్నారని, వారు స్వయంగా దిగి సముద్రం అడుగు తనిఖీ చేస్తారని అర్థమైంది. అందుకని అడుగున కూడా శుభ్రం చేయించాం. మా ఆయన మూడు రోజులుగా పగడాల సందుల్లోంచి పాత వలలు, సీసాలు ఏరుతున్నాడు. ఒక చెప్పు కూడా దొరికింది, ఆయనదే. సీనియర్ గారికి ఆకుపచ్చ యూనిఫారం సిద్ధంగా ఉంది.

మా వద్ద వర్షమాపకం ఉంది. ఎప్పటి నుంచో ఉంది. ఈ జూన్ దాకా మూడేళ్ళ రిజిస్టరు జత చేశాను. ఎప్పటికప్పుడు రాసిందే.

ఇట్లు విధేయురాలు,
డైవింగ్ సెంటర్

తా.క. ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోకండి. వదినగారు పోయారన్నది కూడా మమ్మల్ని పరీక్షించడానికేనా? అయితే నాకేమీ బాధ లేదు. నిజంగా లేదు. సెంటర్ మూసేసినా సరే. వదినగారిని ఒక కార్డు ముక్క రాయమనండి, చాలు.


జూలై 9

అమ్మా,

నేను తనిఖీ అధికారిని కాను. ఇంట్లో తెల్లకాగితాలు అయిపోతే ఆఫీసు కాగితం మీద రాశాను. కాగితాలు తెచ్చేది నా భార్య.

రిజిస్టరు చూశాను. మూడేళ్ళలో ప్రతిరోజూ అయిదు మిల్లీమీటర్ల వాన పడింది. ఫిబ్రవరి 30న కూడా అయిదు పడింది. ఇంత బుద్ధిగల వాన నా సర్వీసులో ఎదురుపడలేదు.

నా భార్య సంగతి నిజం. ఆమె తెల్లవారుజామున పోయింది. ఆ ఉదయం కూడా ఎనిమిదిన్నరకు వెళ్ళి కొలిచాను. సున్నా. రాశాను. తిరిగి వచ్చాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు.

ఆమెకు వాన ఎందుకు కావలసివచ్చిందో కూడా తెలియదు. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి గురించి నాకు తెలియని సంగతి మీ బీరువాలో ఉంది. అది తెలియకుండా ఆ వానలోకి రాలేను. ఉత్తరం పంపండి. లేదా బుకింగ్ రద్దు చేయండి.

ఇట్లు,
రికార్డు కీపరు

తా.క. మా అత్తగారు బట్టలు తడిపే టబ్బులో సాధన చేస్తున్నారు. ముఖం నీళ్ళలో పెట్టి ఊపిరి బిగబట్టారు. నేను గడియారం చూశాను. నలభై ఒక్క సెకన్లు. ఇంట్లో ఎవరూ కదల్లేదు. తల ఎత్తి "లోపల ఎంత బావుందో, ఎవరూ పరామర్శించరు" అన్నారు.


జూలై 18

అన్నయ్యగారూ,

మళ్ళీ అన్నయ్యగారే. సిగ్గుతో నాలుగు రోజులు కలం పట్టుకోలేదు. ఆ రిజిస్టరు మా ఆయనా నేనూ వంతులు వేసుకుని ఒక మధ్యాహ్నం కూర్చుని రాశాం. ఫిబ్రవరి నెలలు ఆయన వంతు. ఏ నెలకి ఎన్ని రోజులో ఆయనకి ఇంతవరకూ రాలేదు. మా పెళ్ళిరోజు కూడా లేని తారీఖున గుర్తుపెట్టుకుంటాడు.

మీరు అడిగిన ప్రశ్నల్ని బట్టే వాన ఎలా కొలవాలో తెలుసుకున్నాను. చెట్లకూ గోడలకూ దూరంగా, మట్టసంగా, నిటారు గోడలున్న గాజు జాడీ పెట్టాను. నిన్న ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలు ఆనించి చూశాను. ముప్పై ఏడు మిల్లీమీటర్లు. ఇది నిజం అన్నయ్యగారూ. పుట్టినప్పటి నుంచీ వానలో తడుస్తున్నాను. రాత్రంతా ఆకాశం చేసిన గొడవంతా ఆ జాడీలో కదలకుండా కూర్చుని, "నేను ఇంత" అని చెప్పింది. ఇన్నేళ్ళు మీరు చేస్తున్న పని ఇదా! నాకు ఎవరూ చెప్పలేదే.

ఉత్తరం పంపను. బుకింగ్ రద్దు చెయ్యను. ఒక్కటి మాత్రం చెబుతాను, దీనికి వదినగారు ఏమీ అనుకోరు. అది మీ మీద కోపంతో రాసిన ఉత్తరం కాదు.

మీ చెల్లెలు

తా.క. జాడీ ఖాళీ చేయడానికి మనసొప్పలేదు. మా ఆయన తాగేశాడు.


జూలై 25

అమ్మా,

ఆ రోజు పక్క దీవి కేంద్రంలో 35 నమోదైంది. మీ 37 నిజమే.

ఆగస్టు 9న వస్తున్నాం. ముగ్గురం.

ఇట్లు,
రికార్డు కీపరు

తా.క. సెలవు పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళలో వారం రోజుల సెలవు ఇదే మొదలు. కారణం దగ్గర "వాన" అని రాశాను. మంజూరైంది.


ఆగస్టు 20

చెల్లెమ్మకు,

ఇల్లు చేరాం. ఆగస్టు 12 మధ్యాహ్నం మీరు పడవ మీద తాడు పట్టుకుని తడుస్తున్నారు. కింద ఏం జరిగిందో మీ ఆయన చెప్పి ఉండరు. అందుకని రాస్తున్నాను.

లోతు మూడు మీటర్లు. నేనూ అమ్మాయీ ఇసుక మీద మోకాళ్ళ మీద కూర్చున్నాం. అత్తగారు పడవ నుంచి దించిన ఇనుప నిచ్చెన ఆఖరి మెట్టు మీద, ఆకుపచ్చ సూటులో, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. మీ ఆయన వారి భుజం పట్టుకున్నారు. అప్పటికి వాన లేదు. తల ఎత్తితే నీటి పైకప్పు వెండి రేకులా మెల్లగా కదులుతోంది.

ఒక మూల ఒక చుక్క తగిలింది. ఒక వలయం విచ్చుకుంది. తర్వాత మూడు, తర్వాత పదకొండు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. మానేసిన సంగతి కూడా చాలాసేపటికి గానీ తెలియలేదు. చుక్క పడిన ప్రతిచోటా పైకప్పు లోపలికి సొట్టపడి, ఒక గాలి ముత్యాన్ని జారవిడిచి, మళ్ళీ మూసుకుంటోంది. అలా లక్షలు. నీళ్ళ కింద నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. ఆకాశంలోని గాజంతా ఒకేసారి సన్నగా మోగింది. ఆ మోత చెవులతో విన్నట్టు లేదు, పళ్ళతో విన్నట్టుంది.

నా మాస్కులో నీళ్ళు చేరాయి. కారుతోందేమోనని మీ ఆయన వచ్చి రెండుసార్లు సరిచేశారు. మాస్కు బాగానే ఉంది.

పైకి వచ్చేటప్పుడు చెయ్యి ఎత్తాను. నీటి పైన బెత్తెడు మందాన చల్లటి పొర తగిలింది. అప్పుడే పడిన వాన. ఉప్పునీటిలో ఇంకా కలవకుండా తేలుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళు అంకె రాసిన వానను మొదటిసారి ముట్టుకున్నాను.

ఒక్కటి అర్థం కాలేదు. పైన అంత జరుగుతుంటే అత్తగారు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అంతసేపూ నన్నే చూశారు. నీళ్ళంటే భయమేసిందేమో అనుకున్నాను.

మీరిచ్చిన ఉత్తరం తిరుగు ప్రయాణంలో, బస్సులో తెరిచాను. మీరు చదివిన మాటలే. అయినా నా చేత్తో ఒకసారి రాయాలని ఉంది:

"వాన మొదలైతే చాలు, ఆయన గొడుగు తీసుకుని వర్షమాపకం దగ్గరికి వెళ్ళిపోతారు. ముప్పై ఏళ్ళుగా వానలో నేను ఆయన వీపే చూశాను. నీళ్ళ కింద కొలవడానికి ఏమీ ఉండదు కదా. అక్కడ వాన పడుతుంటే ఆయన మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి."

ఉత్తరం మడిచాను. అత్తగారు కిటికీలోంచి చూస్తున్నారు.

"మీకు ముందే తెలుసా అత్తయ్యగారూ?"

"తెలియకపోతే ఈ వయసులో ఆ గొట్టం నోట్లో పెట్టుకుంటానా? ఆసుపత్రిలో చెప్పింది. 'నాకు కుదరకపోతే నువ్వు చూడమ్మా' అంది."

ఉత్తరం జేబులో పెట్టుకున్నాను. తర్వాత నేనే అడిగాను. "ఎలా ఉంది?"

"ఏమిటి?"

"నా మొహం."

"నోట్లో గొట్టం ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే సముద్రం మొత్తం తాగేసేవాడివి. అంత నోరు తెరిచావు." ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. కొంగుతో కిటికీ అద్దం తుడిచి అన్నారు. "దానికి నచ్చేది."

వాన రాసుకునే నా జేబు పుస్తకంలో ఆగస్టు 12 పక్కన ఖాళీ ఉంది. మరచిపోయి వదిలింది కాదు.

మీ అన్నయ్య

తా.క. ఆకుపచ్చ సూటు పొరపాటున మా సామానులో వచ్చింది. పొరపాటు కాదని అత్తగారు ఇప్పుడే ఒప్పుకున్నారు. వచ్చే ఆగస్టులో తిరిగి తెస్తారట, వేసుకుని.

మరొకటి. మీ దొంగ రిజిస్టరు నా బల్ల మీదే ఉంది. ఫిబ్రవరి 30 కొట్టేశాను. ఈ ఏడాది ఫిబ్రవరి 11 పక్కన కూడా మీ ఆయన అయిదు మిల్లీమీటర్ల వాన వేశారు. అది అలాగే ఉంచాను.