ఒటూలా బోర్డులోని పాట

ఒటూలా అమ్మగారికి,

మీరు కరెంటు వైరు తీసి, గుడ్డలో చుట్టి అమ్మేసిన బోర్డు లుథూలీ వీధిలో మ్వికాలి నడిపే పాత ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టులో దొరికింది. ఇలాంటి ఎఫ్‌పీజీఏ బోర్డు, అంటే మనం రాసినట్టల్లా లోపలి సర్క్యూట్ మార్చుకునే చిప్పున్న బోర్డు కోసం ఒటూలా, నేను నెలల తరబడి తిరిగాం. చవకగా ఉండాలి, తర్వాత ఇంకేమైనా తగిలించుకోవడానికి పిన్నులుండాలి. చివరికి పాత ప్రకటనల తెరలోంచి ఊడదీసిన ఇది కుదిరింది. ఆ పిన్నులకే అతను స్పీకరు కట్టి, వేళ్లు బిగుసుకుపోక ముందు వాళ్ల నాన్నగారు న్యాటిటి వాద్యం తంత్రుల మీద వాయించిన పాట పలికించాడు.

నాన్నగారు మళ్లీ వినాలంటున్న ఆ పాట ఇప్పుడిందులో లేదు. కరెంటు తీస్తే ఈ బోర్డు నేర్పినదంతా మరచిపోతుంది. పని పూర్తయ్యాక శాశ్వతంగా దాచుకుందాంలే అనుకుని, అప్పటిదాకా ఈ పని చేసే మేమెవరం వైరు తీయం. ఒటూలా కూడా అంతే. పాట అసలు ప్రతి ఉన్న ల్యాప్‌టాప్ ఆ మటాటు వ్యాను ప్రమాదంలో అతనితోనే పోయింది.

"వైరు పీకిన ఆ మహానుభావుడు ఎవరు, అన్నా?" అని బోర్డు ఖాళీగా ఉండటం చూసి మ్వికాలి నవ్వింది.

"ఎవరూ కాదు. ఆ రోజు వాళ్ల వీధంతా కరెంటు పోయింది" అన్నాను.

బోర్డు పంపుతున్నాను. నాన్నగారు అడిగితే మీరూ అదే చెప్పండి.