కిర్రుమనని కారు తలుపు

తొర్రూరు, మంగళవారం రాత్రి

తెరిస్తే కిర్రుమనే కారు తలుపు జబ్బు ఇవాళ దొరికింది. ప్రతి దసరా పూజకీ మా ఆవిడ సరోజ తలుపు మడతబందులకు కూడా పసుపు పూసి, కొబ్బరినీళ్లు పోస్తుంది. అవే పేరుకుని మడతబందులు తుప్పు పట్టాయి. మా దుకాణం ముందే గీకి, డీజిల్‌తో కడిగి, గ్రీజు పెట్టాను. చప్పుడు పోయింది.

ఆ సంబరంతో ఇంటికొచ్చి కారు దిగి లోపలికి వెళ్తే, నా బీపీ కోసం ఇంట్లో నూనె వంటలే మానేశామన్న సరోజా, అమ్మా మిర్చి బజ్జీలు తింటున్నారు!

"సప్పుడన్న చెయ్యకుంట వచ్చినవేందిరా?" అని అమ్మ నన్నే కసిరింది.

"ముందు గా చేతులకున్న గ్రీజు తుడిచి రా," అంది సరోజ, ప్లేటు కొంగు చాటుకు లాక్కుంటూ.

ఇన్నాళ్లూ ఆ కిర్రు వినే దాచేవాళ్లన్నమాట. నాకు మాత్రం మళ్లీ జొన్నరొట్టే.

వంటింటి తలుపు కూడా కిర్రుమంటుంది. గ్రీజు ఇంకా కాస్త మిగిలింది…