రెండు కొసల నుంచి నేసిన కప్పు

చూపు మందగించినా మతి మందగించని నేను, పాలు పోసి బతికి, వీధి వీధంతా పాలమ్మ అని పిలిచే నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్పృహతో, నా ఇష్టపూర్వకంగా రాయించి, చదివించుకుని విని సంతకం చేస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా ఏదైనా కాగితం తెచ్చి చూపిస్తే అది చెల్లదు. నా మతి మీద అనుమానమున్నవాళ్లు వచ్చి నాతో గడ్డి బేరమాడి చూసుకోవచ్చు.

దీన్ని అమలు జరిపే బాధ్యత రిటైరైన పోస్టుమాస్టరు గారికి అప్పగిస్తున్నాను. ఆయన ఎవరి మాటా వినరు. చెవుడు వల్ల కొంత, స్వభావం వల్ల కొంత. ఈ పనికి అలాంటి మనిషే కావాలి.

1. ఇంటి వెనుక ఉన్న పెద్ద కొట్టం, దాని ముందున్న ఖాళీ స్థలం, అందులోని ఆవులు, దూడలు, గడ్డి సహా, నా తదనంతరం నా కొడుకుకు, కూతురికి ఉమ్మడిగా, సమాన హక్కులతో దఖలు పడాలి. కొట్టాన్ని పంచుకోకూడదు. మధ్యలో గోడ మాట అటుంచి, తాడు కూడా కట్టకూడదు. ఏ ఆవు ఎక్కడ పడుకోవాలో ఆవులకు తెలుసు.

2. సదరు కొట్టం మీది పెంకులన్నీ దించి, రేకుల కప్పు వేయించాలి. ఈ మాట నా నోట వస్తుందని నేనే అనుకోలేదు. వాసాలు పుచ్చిపోయాయి, పెంకుల బరువు ఇక మోయలేవు. పెంకు కింద వేసవిలో ఉండే చల్లదనం నాకు తెలుసు. వాన మొదలైనప్పుడు పైన వినిపించే ఆ మెత్తటి చప్పుడు వింటూ, గడ్డిలో పిల్లలిద్దరూ చెరో పక్కన నిద్రపోతుంటే పాలు పితికిన రోజులు నాకు ఇప్పటికీ కావాలనిపిస్తాయి. అందుకే నా కళ్ల ముందు ఒక్క పెంకు కూడా దించకూడదని, పని నేను పోయాకే మొదలుపెట్టాలని దీని మూలంగా ఆదేశిస్తున్నాను.

3. కాంట్రాక్టరు విషయం. దీని దగ్గరే అసలు గొడవంతా వచ్చింది కనుక వివరంగా రాయిస్తున్నాను.

నా కొడుకు తెచ్చిన కాంట్రాక్టరు కొట్టంలోకి అడుగు పెట్టకుండానే రంగుల అట్ట తీసి, నీలం బాగుంటుందా ఎరుపు బాగుంటుందా అని అడిగాడు. ఆవులను అడగమన్నాను. నా కూతురు తెచ్చిన కాంట్రాక్టరు మర్యాదస్తుడే. కానీ కింద నిలబడి ఫోనుతో ఫోటో తీసి, అంతా అర్థమైపోయిందమ్మా అన్నాడు. నాకు ఇన్నేళ్లయినా ఆ కప్పు అంతా అర్థం కాలేదు. పని బాగుండాలంటే నా మనిషే రావాలని వాడు, కాదు నా మనిషే రావాలని అది, అన్నాచెల్లెళ్లు పట్టుబట్టారు. నెల రోజులుగా మాటల్లేవు. ఒకే వాకిట్లో ఉంటూ, పాల క్యాను ఎక్కడ పెట్టావని కూడా నన్ను మధ్యన పెట్టి అడుగుతున్నారు. చివరికి పోయిన వారం నా కొడుకు ఒక దారి చెప్పాడు. సగం కప్పు వాడి మనిషి వేస్తాడట, సగం దాని మనిషి వేస్తాడట. నా కూతురు సరేనంది. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. మర్నాడే ప్లీడరు గారికి కబురు పెట్టాను.

ఎందుకంటే ఆ కప్పు మొదటిసారి నేసింది కూడా అలాగే. మా పెళ్లయిన కొత్తలో మా ఆయన, ఆయన తమ్ముడు, అంటే నా మరిది, కలిసి ఆ కొట్టం కట్టారు. మబ్బులు పడుతున్నాయి, త్వరగా అయిపోతుందని ఒకరు ఈ కొస నుంచి, ఒకరు ఆ కొస నుంచి మొదలుపెట్టారు. కొలత బద్ద గోడకు ఆనించే ఉంది. దాన్ని ఒక్కరూ ముట్టుకోలేదు. పెంకు వరసకీ వరసకీ మధ్య ఎడం ఎవరి మూరతో వాళ్లు కొలుచుకున్నారు. మా ఆయన తాటిచెట్టంత మనిషి. మా మరిది నా భుజం దాకా వస్తాడు. పాటలు పాడుకుంటూ, పందెం వేసుకుంటూ, నేను నిచ్చెన కింద నిలబడి మంచినీళ్లు అందిస్తుంటే ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ పని చేశారు. ఆ ఇద్దరినీ అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు. నడిమికి వచ్చేసరికి ఇటు వరస ఒక ఎత్తున, అటు వరస ఒక ఎత్తున ఉన్నాయి.

మొదటి వానకే అక్కడ కారింది. నీ మూర తప్పంటే నీ మూర తప్పనుకున్నారు. ముందు నవ్వుతూనే అనుకున్నారు, తర్వాత నవ్వడం మానేశారు, ఆ తర్వాత మాట్లాడుకోవడమే మానేశారు. పెంకులు దించి మళ్లీ నేద్దామంటే, ముందు వాడి వైపు దించమను అని ఈయన, అన్నయ్య వైపు దించాక చూద్దాం అని అతను. ఎన్నో వానలు వెళ్లాయి. రేకులు వేయిద్దామని నేనంటే, రేకుల మీద వాన పడితే కింద మనిషి మాట మనిషికి వినపడదు అనేవాడు మా ఆయన. వినపడకపోవడానికి ముందు మాట్లాడుకోవాలి కదా. ఆయన పోయిన రోజు కూడా మా మరిది గేటు దగ్గర నిలబడి ఏడ్చి వెళ్లాడే కానీ, కొట్టం వైపు రాలేదు.

కాబట్టి పనిని సగాలు చేయకూడదు. ఒకే కొస నుంచి మొదలుపెట్టి రెండో కొస దాకా ఒకే మనిషి వేయించాలి. ఆ మనిషి నా మరిది. రేకుల పని అతని చేతి కిందే సాగాలి. వంకర ఎక్కడుందో అతనికి చెప్పనక్కర్లేదు, సగం అతనిదే.

4. కారే చోట పెడుతూ వచ్చిన ఇత్తడి గిన్నె నా కూతురికి. చుక్కల చప్పుడును బట్టి బయట వాన ఎంతుందో పడుకునే చెప్పేవాడు మీ నాన్న. కప్పు సరిగా పడితే ఆ గిన్నెకు అక్కడ పనుండదు, పాలు కాచుకో.

5. నిచ్చెన నా కొడుకుకు. ఎక్కేటప్పుడు నాలుగో మెట్టు చూసుకో. ఆ మెట్టు కర్ర మీ నాన్న మార్చింది కాదు, మీ బాబాయి మార్చింది. వాళ్ల మధ్య మాటలు ఇంకా ఆగని ఆ రోజుల్లో నువ్వు అతని భుజం దిగేవాడివి కావు.

6. వెలుగు కోసం కప్పులో పెట్టిన అద్దం పెంకు నా మనవరాలికి. కింద పడే ఎండ బిళ్లను గుప్పిట్లో పట్టుకుని, అమ్మమ్మా దొరికింది అని పరుగెత్తుకొచ్చేది. దాని కిటికీలో పెట్టించండి.

7. పాలు పితికేటప్పుడు కూర్చునే పీట నా కోడలికి. నా కంటే నీ చెయ్యే మెత్తన. ఎర్రావు నా దగ్గర కంటే నీ దగ్గరే ఎక్కువ ఇస్తుంది.

8. పక్కింటి ఆసామి అరువు తీసుకున్న మోకు మూరెడు పొట్టి చేసి తిరిగిచ్చాడు. మిగతా మోకు కూడా అతనికే ఇచ్చేయండి. నా ఉసురు తగలకుండా ఉంటుంది.

9. నా మరిదికి ఏమీ ఇవ్వడం లేదు. ఇది పొరపాటు కాదు. వీలునామాలో ఏదైనా అందుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదని ప్లీడరు గారు చెప్పారు. పనికిచ్చేది కూలి కనుక దానికి అడ్డు లేదట. వస్తువు ఏదైనా ఇస్తే ఇంటికి పంపించేయవచ్చు. సంతకమైతే మనిషే వచ్చి పెట్టాలి. ఈ కాగితం కొట్టంలోనే, కారే ఆ నడిమి వరస కిందే చదివించి సంతకాలు చేయిస్తాను. నాకు కావలసింది అతను రావడం.

10. ఇది సంతకాలకు ముందు నా చేతి రాతతో చేర్చినది. మరిది వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. మూడో అంశం చదివేటప్పుడు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత తలెత్తి నడిమి వరస చాలాసేపు చూసి, "వదినా, నువ్వు పోయేదాకా ఈ దూలం ఆగదు" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చుట్టూ చూసి, "కొలిచేదేమైనా ఉందా?" అని అడిగాడు. నా కోడలు టేపు తెచ్చింది. ఒక కొస నా కొడుకు చేతికి, రెండో కొస నా కూతురి చేతికి ఇచ్చి ఇద్దరినీ గోడల దగ్గరికి పంపాడు. ఎంత వచ్చిందే అని వాడు అరిచాడు. అది చెప్పింది. వినపడలేదు, మళ్లీ చెప్పు అన్నాడు. మళ్లీ చెప్పింది.

కాబట్టి రెండో అంశంలో, నేను పోయాకే పని మొదలుపెట్టాలన్న మాటను రద్దు చేస్తున్నాను. పని సోమవారం మొదలవుతుంది. పీట నా కోడలికి అప్పుడే ఇవ్వను, దాని మీద కూర్చుని చూస్తాను.

తేదీ: మే నెల పంతొమ్మిది, వానలు ఇంకా రాలేదు.

(సంతకం) పాలమ్మ

సాక్షులు:
1. పాల కేంద్రం గుమస్తా
2. కప్పుల మేస్త్రి, పై ఆవిడకు మరిది. కొట్టం లోపల నిలబడి సంతకం చేశాను.